షైలాక్ చెప్పని సంగతి

చాలా ఏళ్ళపాటు నాకు యూదులంటే షైలాక్ ఒక్కడే. బి.ఏ.లో ఆ నాటకం చెప్పిన మేడం, అతను కత్తి నూరే ఘట్టాన్ని ఎంత బాగా చదివేవారంటే, మా వీధిలో వడ్డీలకిచ్చే ఆసామి కనిపించినా నాకు వాడే గుర్తొచ్చేవాడు. అసలు షేక్స్‌పియర్ మాత్రం ఎందరు యూదుల్ని చూశాడు కనుక? 1290లోనే వాళ్ళని ఇంగ్లండు నుంచి వెళ్ళగొట్టారు. మళ్ళీ ఉండనిచ్చింది 1656లో. ఆయన నాటకం ఈ రెంటికీ మధ్య కాలంలోది! ఆ ముక్క మాకెవరూ చెప్పలేదు.

మావారి స్నేహితుడి ఇంట్లో పెళ్ళికని కొచ్చి వెళ్ళినప్పుడు, మట్టాంచేరిలో యూదుల ప్రార్థనామందిరం చూశాను. 1568లో కట్టిందట. పక్కనే రాజుగారి కోట. గుడికి వెళ్ళినట్టే చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. నేలంతా చైనా నుంచి తెచ్చిన తెలుపూ నీలం పలకలు. బొమ్మలన్నీ చేత్తో వేసినవే. అక్కడే ఓ చిన్న పుస్తకం కొని, తిరుగు ప్రయాణంలో రైల్లో చదవడం మొదలుపెట్టాను.

దానానికి వాళ్ళు వాడే మాట ‘త్సెదకా’. ఆ మాటకి మూలం న్యాయం. కోతలప్పుడు పొలం మూలలు కొయ్యకుండా వదిలెయ్యాలి, జారిపడ్డ వెన్నులు ఏరకూడదు. అవి పేదలవీ, పరదేశులవీ అంటుంది వాళ్ళ ధర్మశాస్త్రం. చదువుతుంటే మా అమ్మమ్మగారి ఊళ్ళో పరిగె ఏరుకునే ఆడవాళ్ళు కళ్ళముందు కదిలారు. ‘పోనీలే, ఏరుకోనీ’ అనేది అమ్మమ్మ. అది ఆవిడ దయ. ఇక్కడేమో అది వాళ్ళ హక్కు. ఎంత తేడా!

శుక్రవారం పొద్దుగూకేలోగా ఇల్లాలు దీపాలు వెలిగిస్తే, మర్నాడు చుక్కలు పొడిచేదాకా పొయ్యి ముట్టించదు. పనివాళ్ళకీ పశువులకీ కూడా సెలవే. మన ఎడ్లకి కనుమనాడు దొరికే విశ్రాంతి అక్కడ వారం వారం! మావారికి చదివి వినిపిస్తే, “అయితే ఆ వంట కూడా ముందురోజే చెయ్యాలిగా?” అన్నారు. నిజమే. ఇల్లాలి శుక్రవారం ఎలా గడిచేదో ఆ పుస్తకంలో లేదు.

పన్నెండో శతాబ్దంలో మైమోనిడీస్ అనే పండితుడు దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. సణుగుతూ ఇవ్వడం అట్టడుగు మెట్టు. ఇచ్చేవాళ్ళెవరో పుచ్చుకునేవాళ్ళకీ, పుచ్చుకునేవాళ్ళెవరో ఇచ్చేవాళ్ళకీ తెలియకపోవడం ఏడో మెట్టు. మరి అన్నిటికన్నా పై మెట్టు ఏమిటనుకున్నారు? అప్పివ్వడం! అప్పో, పనో, వ్యాపారంలో భాగమో ఇచ్చి, మనిషి మళ్ళీ చెయ్యి చాచకుండా నిలబెట్టడం. పైగా తమవాళ్ళ దగ్గర వడ్డీ పుచ్చుకోకూడదట. నా షైలాక్ ఏమైపోయాడో!

అలాగని వాళ్ళందరూ దేవతలేం కారు. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళ సంతతిని, నేను చూసిన ఆ మందిరంలోనే తమతో సమానంగా కూర్చోనివ్వలేదు. ఆ సంతతిలో 1882లో పుట్టిన ఎ.బి. సేలం అనే వకీలు, గాంధీగారి పద్ధతిలో అక్కడే సత్యాగ్రహం చేశాడు. కట్టుబాట్లు క్రమంగా సడలాయి. ఇజ్రాయెల్ ఏర్పడింది 1948లో. ఆ తర్వాత కొచ్చి యూదుల్లో చాలామంది అక్కడికి తరలిపోయారు. సామూహిక ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు ఉండాలి. ఇప్పుడు ఆ వీధిలో ఆ పదిమందీ లేరు. పక్కన కూర్చోవద్దన్న మందిరంలో, ఇవాళ కూర్చునేవాళ్ళే కరువయ్యారు.

పుస్తకం మూసేశాక నాకు మా పనిమనిషి గుర్తొచ్చింది. కూతురికి కుట్టుమిషను కొంటాను, అప్పివ్వమని రెండు నెలలుగా అడుగుతోంది. “చూద్దాంలే” అంటూ పండక్కి పాత చీరలు రెండు చేతిలో పెట్టాను. నాది ఎన్నో మెట్టో లెక్క వేసుకుంటే సిగ్గేసింది.

ఊరు చేరిన మర్నాడే డబ్బు తీసిచ్చాను. చీరలిచ్చినప్పుడు తల వంచుకుని పుచ్చుకున్న మనిషి, నోట్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుని, నా మొహంలోకి సూటిగా చూసింది.

“నెలకెంత కట్టమంటారమ్మగారూ?” అంది.