కొల్లేటి మొండిపట్టు

మొండిపట్టు మనుష్యునకు పుట్టుకతో వచ్చునని పలువురు తలంతురు. ఏలూరికి దిగువనున్న కొల్లేటి లంకలలో దాని పూర్వవృత్తాంతమును వెదకినచో, అది నీటియొద్ద నేర్చిన విద్య యని నాకు తోచుచున్నది.

కృష్ణా గోదావరీ డెల్టాల నడిమి పల్లమున నున్న ఈ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్లును, పెక్కు మురుగుకాలువలును వచ్చి పడుచుండగా, ఆ నీరంతయు సముద్రము చేరుటకు ఉప్పుటేరొక్కటే దారి. కావున వానకారున ముంపు తప్పదు. అయినను లంకవారు ఊరు విడువలేదు. మన్ను పోసి దిబ్బనెత్తి దానిపై ఇల్లు కట్టుకొనిరి, నీరు పెరిగినపుడు మావులు పెట్టి కొర్రమేనును పట్టిరి, నీరు తీసినపుడు వరి చల్లిరి. తాటిమ్రాను తొలిచిన దోనె మిక్కిలి ఇరుకైనది. అందు నిలిచి గడ వేయువాడు ఏమాత్రము బిగిసినను బోల్తాపడును. నీటి ఊపునకు ఒడలు వంచుచునే తాను తలపెట్టిన రేవునకు పోవలెను. ఈ సీమ మొండిపట్టునకు మొదటి రూపమిదియే. నాకు ప్రియమైనదియు నిదియే.

రెండవ రూపము కొల్లేటికోట జనశ్రుతిలో కానవచ్చును. గజపతుల కోట సరస్సు నడుమ నుండుటచే పగవారికి నీరే అడ్డమాయెననియు, చిగురుకోటయొద్ద విడిసిన శత్రుసేనాని ఆ నీటిని సముద్రమునకు దించివేయుటకై ఉప్పుటేటిని త్రవ్వించెననియు, కోటలోని ఒడ్డె దండనాయకుడు లొంగనొల్లక దేవతాప్రీతికై కన్నకూతునే బలి యిచ్చెననియు, అందుచే ఆ కాలువకు పేరంటాల కనమ యను పేరు కలిగెననియు చెప్పుదురు. ఇద్దరు సేనానుల పంతమునకు ప్రాణమిచ్చిన ఆ పిల్లను తలంచినపుడెల్ల మనస్సు కలతపడును.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసి, గోదావరి నీరు తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరి కృష్ణకాలువతో కలిసిన పిమ్మట, నీటిని చెప్పుచేతలలో నుంచుకొనవచ్చునను ధైర్యము ఈ సీమవారికి కుదిరెను. 1970ల తరువాత ఆ ధైర్యము మొండిపట్టునకు మూడవ రూపమై సరస్సు లోపలికే దిగెను. గట్లు లేచెను, వాని నడుమ బొచ్చె, శీలావతి పెంచు చెరువులు వెలసెను. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ ఈ సీమలోని ఆరేడులో కనుగొన్న గూడబాతుల స్థావరము, సుమారు 3000 పక్షులకు నెలవైనది, 1974 ప్రాంతమునకే పాడుపడియుండెను.

1999లో ఐదవ కాంటూరు, అనగా సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తు గీత, వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమాయెను. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చెను. 2006లో ప్రభుత్వము గట్లను కొట్టించెను. 2008లో శాసనసభ అభయారణ్యమును మూడవ కాంటూరునకు కుదింపవలెనని తీర్మానించెను. కొట్టిన గట్లు పలుచోట్ల మరల లేచెను. చెరువుమీద కూలికి బ్రదుకువాని ఆకలి నిజమైనదే, దానిని త్రోసిపుచ్చుట అన్యాయము; కాని నీటికి దారి విడువని గట్టు ఆ కూలివాని గుడిసెనే ముందు ముంచునని చెప్పక తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు కొల్లేటికే దిగివచ్చెను. లంకల దారులు మునిగి, ఊళ్లకు పడవలే దిక్కయ్యెను. కాంటూరు తగవు మాత్రము ఇంకను తీరలేదు.