లెక్కలేనన్ని అంటే ఎన్ని?

మొన్న రాత్రి గిన్నెలు సర్దుతుంటే మా చిన్నది ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, మిరియడ్ అంటే ఏంది? మిరియాలా?" అంది. నవ్వొచ్చింది. "లెక్కలేనన్ని అని రాస్కో" అన్నాను కానీ, మనసాగక నిఘంటువు తీశాను.

ఆ మాట గ్రీకుది. అక్కడ దానికి పదివేలు అని కచ్చితమైన అర్థం ఉండేది. క్రీస్తుకు ముందు 3వ శతాబ్దంలో ఆర్కిమెడిస్ విశ్వమంతా నింపడానికి ఎన్ని ఇసుక రేణువులు కావాలో లెక్క వేస్తూ, ఈ పదివేలను పదివేలతో హెచ్చించి, పది కోట్ల దగ్గర మొదలుపెట్టి పైకి పోయాడు. ఇంగ్లీషులోకి 16వ శతాబ్దంలో నామవాచకంగా వచ్చింది. విశేషణంగా వాడటం ఆ తర్వాతి సంగతి. అందుకే 'మిరియడ్ స్టార్స్' అన్నా, 'ఎ మిరియడ్ ఆఫ్ స్టార్స్' అన్నా తప్పు కాదు. వాడగా వాడగా పదివేలు పోయి 'లెక్కలేనన్ని' మిగిలింది.

మనకూ పదివేలకు పేరుంది, అయుతం. యజుర్వేదంలో శతం, సహస్రం తర్వాత వచ్చేది అదే. 2015 డిసెంబరులో ఎర్రవల్లిలో జరిగిన అయుత చండీ యాగం పేరులో ఉన్నదీ అదే. మనది మాత్రం ఇప్పటికీ పదివేలే.

ఇదంతా మా అమ్మకు చెప్పాను. బీబీపేటలో మా ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. "నువ్వు ఎన్ని చుట్టినవమ్మా?" అంటే, "గవన్ని ఎవలు లెక్కవెట్టిర్రు బిడ్డా, మస్తు చుట్టిన" అంది.

నిజానికి లెక్కపెట్టింది తనే. కట్టకు ఇరవై అయిదు, వెయ్యికి నలభై కట్టలు. కూలి వెయ్యి లెక్కన. బాగా లేవని పక్కకు తీసేసినవి ఏ లెక్కలోకీ రాలేదు.

కాగితం తీసుకుని కూర్చున్నాం. రోజుకు 800 అనుకుందాం. పండగలు, జ్వరాలు, తునికాకు రాని రోజులు పోను నెలకు 20 రోజులు. ఏడాదికి 1,92,000. ముప్పై ఏళ్లకు 57,60,000. అంటే 576 అయుతాలు! అమ్మ ఆ అంకె వంక చూసి, చూపుడువేలు తడుముకుంటూ ఊరుకుంది.

చిన్నది తన సొంతవాక్యం రాసుకొచ్చింది. మా అమ్మమ్మ మిరియడ్ బీడీలు చుట్టింది అని. వ్యాకరణం సరిగ్గానే ఉంది. అయినా కింద ఆ అంకె కూడా రాయించాను.