గాలికి గీసిన బొమ్మలు

గాలి కంటికి కనబడదు. ఊగే కొబ్బరి మట్టనీ, ఎగిరే దుమ్మునీ చూసి అది ఎటు వీస్తోందో పోల్చుకుంటాం. ప్రవాహాలకి బొమ్మ కట్టిన శాస్త్రవేత్తలు చేసినదీ దాదాపు ఇదే. కనబడని దానిలో కనబడేదేదో కలిపి, అది ఎటు పోతోందో చూశారు.

1510 ప్రాంతాల్లో లియొనార్డో డావించి మడుగులో పడే నీటి సుడులని చూసి బొమ్మలు గీశాడు. వాటిని జుట్టు వంకీలతో పోల్చాడు. 1883లో మాంచెస్టరులో ఆస్‌బర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నటి రంగు ధార వదిలాడు. నీరు నెమ్మదిగా పారినంతసేపూ ఆ ధార దారంలా తిన్నగా సాగింది. వేగం ఒక హద్దు దాటగానే చెదిరి సుడులు తిరిగింది. 1904 నాటికి జర్మనీలో లూడ్విగ్ ప్రాంట్ల్ చేత్తో చక్రం తిప్పి నీటిని పారిస్తూ, అందులో మెరిసే ఖనిజపు పొడి కలిపి, అడ్డంకుల వెనక సుడులు ఎలా పుడతాయో చూశాడు.

ఆ తరవాత రంగూ పొడీ కంప్యూటరులోకి వచ్చాయి. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జేకబ్ ఫ్రామ్, ఫ్రాన్సిస్ హార్లో 1963లో అడ్డంకి వెనక వరసగా విడివడే సుడులని సమీకరణాలతో లెక్కకట్టి చూపారు. 1965లో హార్లో, వెల్చ్ కలిసి లెక్కలోనే ఊహా కణాలు చల్లి, నీరు ఎంతవరకు వచ్చిందో వాటి ద్వారా గుర్తించారు. ప్రాంట్ల్ పొడికి ఇవి మనవలన్న మాట!

కణాలు తక్కువైతే మధ్యలో ఏం జరుగుతోందో తెలియదు, ఎక్కువైతే బొమ్మంతా అలికినట్టుంటుంది. దీనికి 1993లో బ్రయన్ కాబ్రల్, లీత్ లీడమ్ ఒక చక్కని ఉపాయం చెప్పారు. నేలంతా ముగ్గుపిండి చల్లి, ప్రవాహం ఎటు పోతే అటు మెత్తటి కుంచెతో లాగామనుకోండి. ప్రతిచోటా చారలు పడి, సుడులు వాటంతట అవే తేలతాయి. వాళ్ళ పద్ధతి సారాంశం అదే. 2002లో నెదర్లాండ్స్‌లో యార్కె వాన్ వైక్ దీన్ని సులువుగా కదిలే బొమ్మగా మార్చాడు. పాత బొమ్మని ప్రవాహంతోపాటు కాస్త జరిపి, దాని మీద కొత్త పొడి కొంచెం చల్లి, అదే పని మళ్ళీ మళ్ళీ చెయ్యడం!

2012లో ఫెర్నాండా వియేగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్ అమెరికా మీద వీచే గాలులకి కదిలే పటం చేశారు. 2013లో కామెరన్ బెకారియో భూగోళమంతటికీ అలాంటిది తయారుచేశాడు. దాంతో మనలాంటి వాళ్ళం కూడా ఇంట్లో కూర్చుని గాలిని చూడగలిగాం.

ఇక నా కథ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా అమ్మానాన్నలు విశాఖపట్నంలో ఉన్నారు. 11వ తారీకున ఇక్కడ కూర్చుని గంటల తరబడి అలాంటి పటమే చూశాను. సుడి సముద్రం మీద ఉన్నచోటే తిరుగుతోంది. "నాన్నగారూ, అది అక్కడే ఉంది, కంగారు పడకండి" అని ఫోనులో ధైర్యం చెప్పాను. ఆయన నెమ్మదిగా, "రేపు తీరం దాటుతుందని రేడియోలో చెప్పారురా" అన్నారు. 12న దాటింది. ఆ తరవాత రెండు రోజులు ఫోను కలవలేదు. ఇంటి కిటికీలు పోయాయి గాని, మనుషులు క్షేమం.

తప్పు పటానిది కాదు, నాదే. నేను చూసిన కణాలు ఒకానొక సమయంలో గాలి ఏ దిక్కుకి ఉందో దాన్నే చూపిస్తున్నాయి. కాలం కదలడం లేదు, కణాలే కదులుతున్నాయి. తుఫాను ఎటు నడుస్తుందో తెలియాలంటే పటాన్ని గంటలు ముందుకి జరపాలి. రెనాల్డ్స్ గొట్టంలో నిలకడగా పారే నీటికి ఈ తేడా లేదు; రంగు ధారే నీటి దారి. ప్రవాహం క్షణక్షణం మారుతుంటే మాత్రం ఆ క్షణపు గీత వేరు, గాలి నిజంగా నడిచే దారి వేరు. ఇంజినీరింగు చదివేటప్పుడు ఈ సంగతి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను!

1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు మన పల్లెల్లో ఇలాంటి పటాలు లేవు. ఇప్పుడున్నాయి, అది అదృష్టమే. కాని బొమ్మ ఎంత అందంగా కదిలితే మనం దాన్ని అంత తేలిగ్గా నమ్మేస్తాం. అందుకే, ఊరి వైపు తుఫాను వస్తోందంటే నేనిప్పుడు ముందు వాతావరణ శాఖ హెచ్చరిక చదువుతాను. పటం తరవాత తెరుస్తాను. తెరవగానే మొదట చూసేది సుడిని కాదు, మూలనున్న తేదీనీ గంటనీ.