మత్స్యకన్య గొంతు

బొమ్మల కథలంటే మన విమర్శకులకు చిన్నచూపు. అవి ఆడపిల్లలు ఇష్టపడి చదివేవైతే ఆ చూపు మరీ చిన్నదవుతుంది. "పలాయనవాదం" అని ఒక్క మాట అనేసి పుస్తకం పక్కన పెడతాం. కాని పాఠకురాలు దేన్నుంచి పారిపోతున్నదో, ఎందుకు పారిపోతున్నదో విచారించని విమర్శ అభ్యుదయ విమర్శ కాజాలదు. ఈ దృష్టితోనే జపాను బొమ్మల కథ "మెర్‌మెయిడ్ మెలొడీ పిచి పిచి పిచ్"ను ఇక్కడ పరిశీలించదలిచాను.

ఈ కథకు మూలం 1837లో డెన్మార్కులో ఉన్నది. చెప్పులు కుట్టే తండ్రికి, చాకలి పని చేసే తల్లికి పుట్టిన హాన్స్ ఆండర్సన్ ఆ ఏడు మత్స్యకన్య కథ రాశాడు. రాజకుమారుణ్ణి ప్రేమించిన సముద్రకన్య కాళ్ల కోసం తన నాలుకను మంత్రగత్తెకు ఇచ్చుకుంటుంది. అడుగు వేస్తే కత్తుల మీద నడిచినట్లుంటుంది. ఆ బాధ చెప్పుకోడానికి నోరు లేదు. రాజకుమారుడు మరొకామెను పెళ్లాడతాడు. ఈమె నురగైపోతుంది. పైవర్గం గడప తొక్కడానికి కిందివాళ్లు చెల్లించే మూల్యమేమిటో ఆండర్సన్‌కు తెలుసుననే నేననుకుంటాను.

జపానులో బాలికల బొమ్మల కథలను తొలిరోజుల్లో ఎక్కువగా మగవాళ్లే గీశారు. 1953లో ఒసాము తెజుకా మొదలుపెట్టిన "రిబన్ నో కిషి" అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1970 దశకంలో మోటో హాగియో, కెయికో తకెమియా వంటి స్త్రీలు కలం చేతపట్టి ఆ రంగం స్వరూపాన్నే మార్చేశారు. ఆ మార్పు వారసత్వంగానే 2002లో, కొడాన్షా వారి బాలికల పత్రిక "నకయోషి"లో, మిచికో యొకొతె కథకు పింక్ హనమోరి బొమ్మలు గీసింది. 2005 దాకా సాగిన ఆ కథ ఏడు సంపుటాలైంది.

ఇతివృత్తం సులువైనదే. ఉత్తర పసిఫిక్ సముద్రపు రాకుమారి లూచియా నీళ్లలో మునిగిపోతున్న కుర్రవాణ్ణి కాపాడి, తన ముత్యాన్ని అతనికిస్తుంది. ఏళ్లు గడిచాక దాన్ని వెతుక్కుంటూ నేలమీదికి వస్తుంది. తోటి రాకుమార్తెలతో కలిసి పాట పాడి శత్రువులను తరిమికొడుతుంది. ఆండర్సన్ కన్య పోగొట్టుకున్నది గొంతే. లూచియా ఆయుధమూ గొంతే! 165 సంవత్సరాల చరిత్ర ఈ ఒక్క మార్పులో ఇమిడి ఉన్నది.

ఐతే మార్పు అంతటితో ఆగిపోయింది. తానెవరో మనిషితో చెప్పిన మరుక్షణం మత్స్యకన్య నురగైపోవాలనే శాసనం ఈ కథలోనూ ఉన్నది. శత్రుసేనల్ని ఓడించగల గొంతు "నేను ఫలానా" అని మాత్రం చెప్పరాదు. ఈ వైరుధ్యం రచయిత్రుల ఊహలోంచి ఊడిపడిందా? జపాను పౌరస్మృతి ప్రకారం పెళ్లయిన దంపతులకు ఒకే ఇంటిపేరుండాలి. ఎవరి పేరైనా ఎంచుకోవచ్చునని చట్టం అంటుంది. ఆచరణలో పేరు వదులుకునేది దాదాపు ఎప్పుడూ భార్యే. ఈ నిబంధనను 2015లోనూ, 2021లోనూ అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. తన పేరుతో తాను నిలబడలేని ఆడపిల్లకు లూచియా భయం వింతగా తోచదు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన పాత్ర సారా. ఆమె మన బంగాళాఖాతాన్ని కూడా తనలో కలుపుకున్న హిందూ మహాసముద్రపు రాకుమారి. మనిషిని ప్రేమించి భగ్నహృదయ అయింది. ఆ ఆగ్రహంలో తన రాజ్యాన్నే నాశనం చేసుకుని శత్రుపక్షం చేరింది. రచయిత్రులు ఆమెను రాక్షసిగా వదిలిపెట్టలేదు, ఆమె గాయాన్ని చూపించారు. తోడులేని కోపం తనవాళ్లనే దహిస్తుందని చెప్పడానికి ఇంతకంటె ఏం కావాలి?

లోపాలు లేవనను. ఇందులో శక్తి పుట్టుకతోనే వస్తుంది. రాకుమార్తెలే తప్ప మామూలు మత్స్యకన్యలు చరిత్రను నడపరు. 2003లో టెలివిజనుకెక్కాక ఆ పాటలు అంగడి సరుకులయ్యాయి. గొంతు సంపాదించుకున్న కన్యకు పెట్టుబడి వెంటనే వెల కట్టింది.

ఇన్ని తెలిసీ నా విద్యార్థినుల చేతిలోంచి ఇటువంటి పుస్తకాన్ని నేను లాక్కోను. నురగ శాసనం ఎవరు రాశారని అడుగుతాను. తరగతి గదిలో ఆ చర్చ మొదలుపెట్టవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.