అరకు కాఫీ: మన్యం జీవనోపాధి చరిత్ర

తూర్పు కనుమల్లో, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాకు చెందిన అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో గిరిజన రైతులు నీడచెట్ల కింద పండించే అరబికా రకం కాఫీకి అరకు కాఫీ అని పేరు. కాఫీ రాకముందు ఇక్కడి బగత, కొండదొర, కోదు, గదబ తదితర తెగలకు పోడు వ్యవసాయమే ప్రధానాధారం. కొండవాలున కొంతమేర అడవిని నరికి, కాల్చి, ఆ బూడిద సారంతో కొన్నేళ్లు చోళ్లు, సామలు, కందులు పండించి, నేలను తిరిగి అడవికి వదిలేసే పద్ధతిని పోడు అంటారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఈ సేద్యాన్ని కట్టడి చేయగా, అందువల్ల రగిలిన అసంతృప్తి 1922–24 మన్యం తిరుగుబాటుకు ఒక కారణమైంది.

కాఫీ మొక్క 19వ శతాబ్ది చివరనే బ్రిటిషు అధికారుల ద్వారా పాములేరు లోయకు చేరినా, చాలాకాలం గిరిజనులకు ఒరిగింది తక్కువే. ప్రభుత్వ అటవీ తోటల్లో వారు కూలీలుగా మిగిలారు. తరువాత సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు కలిసి పోడు కొట్టిన వాలుల్లోనే కుటుంబాల వారీగా తోటలు వేయించడంతో కూలీ రైతయ్యాడు. సిల్వర్ ఓక్ నీడ కాఫీని కాయగా, ఆ చెట్టుకే పాకించిన మిరియాల తీగ రెండో రాబడి అయింది.

అయితే పంటకన్నా ముఖ్యమైనవి భూమి, బేరం. గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు చెల్లవన్న 1997 నాటి సమత తీర్పు లేకుంటే, తోట ఎవరి చేతిలో ఉండేదో ఊహించడం కష్టం కాదు. సంతలో షావుకారు కట్టిన ధరకు ప్రత్యామ్నాయంగా 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడి, చింతపండు, తేనె వంటి అటవీ ఫలసాయాన్ని, కాలక్రమేణా కాఫీని కొనడం మొదలుపెట్టింది. పళ్లను తొక్కతోనే నేలమీద ఎండబెట్టి అమ్మే అలవాటు పోయి, ఎర్రగా పండినవే ఏరి, అదే రోజు తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, వలల మంచెలపై ఆరబెట్టే పద్ధతి వచ్చాక నాణ్యత నిలిచింది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో రైతు సహకార సంఘం పండించిన కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనబడగా, సోకిన తోటల కాయలను కోసి, వేడినీటిలో ఉడికించి పూడ్చవలసి వచ్చింది.