యుద్ధానంతర జపానున స్వతంత్ర చలనచిత్రము: షిందో కనెతో కృషి

1948 ఆగస్టు 19వ తేదీన టోక్యోలోని తోహో స్టూడియోను ఆక్రమించియున్న సమ్మె కార్మికులను వెడలగొట్టుటకై, జపాను పోలీసులకు తోడుగా అమెరికా సైన్యపు టాంకులును విమానములును వచ్చెననిన, ఆనాటి పాలకులు చలనచిత్రమును ఎంతటి శక్తిగా ఎంచిరో ఊహింపవచ్చును. ఆ సమ్మె ముగిసిన పిమ్మట యమమోతో సత్సువో, కమెయి ఫుమియో మొదలగు దర్శకులు సంస్థను వీడిరి. 1950లో కమ్యూనిస్టులను ఉద్యోగములనుండి తొలగించిన ప్రక్షాళనము వలన అట్టివారి సంఖ్య ఇంకను పెరిగెను. కావున ఆ దేశమున స్వతంత్ర నిర్మాణము కేవలము స్వేచ్ఛాభిలాష వలన పుట్టినదనుట అసమగ్రము; చాలవరకది బహిష్కృతుల జీవనోపాయము.

షిందో కనెతో వెలికి వచ్చిన త్రోవ వేరు. షోచికు సంస్థలో కథారచయితగా పేరెన్నిక గన్న ఆయన, తన కథలు మితిమీరిన విషాదముతో నిండియున్నవను యాజమాన్యపు ఆక్షేపణను సహింపక, 1950లో దర్శకుడు యోషిమురా కోజబురో, నటుడు తోనోయామా తైజి ప్రభృతులతో కలిసి కిందాయ్ ఎయిగా క్యోకాయ్ అను సంఘమును స్థాపించెను. ఆ సంఘము మింగెయి నాటక సమాజముతో కూడి నిర్మించిన 'గెంబకు నో కో' (అణుబాంబు బిడ్డలు) అను చిత్రము, యుద్ధానంతరపు విదేశీ సైనికపాలన అంతరించిన 1952వ సంవత్సరముననే, ఆగస్టు 6వ తేదీన విడుదలయ్యెను. ఆక్రమణకాలపు సెన్సారు అణచియుంచిన హిరోషిమా అణుబాంబు దుఃఖమును, ఆ ప్రాంతమునందే జన్మించిన షిందో, తన పూర్వ విద్యార్థులను వెదకుకొనుచు వచ్చిన ఒక ఉపాధ్యాయురాలి కన్నులతో చూపెను. దానికి తోడ్పడిన ఉపాధ్యాయ సంఘమునకు ఆ మృదుత్వము రుచింపక, సెకిగావా హిదెయో దర్శకత్వమున 1953లో 'హిరోషిమా' అను తీక్ష్ణతర చిత్రమును నిర్మింపజేసెను. స్టూడియోను విడిచినవారికి పోషకుల అభిరుచినుండి విముక్తి లభింపలేదని దీనివలన తేటపడును. ఐనను ఆ సౌమ్యదృష్టియందే దుఃఖము మరింత లోతుగా నాటుకొనునని నా విశ్వాసము.

నిర్మాణముకంటె పంపిణీ దుష్కరముగా నుండెను. పెద్ద సంస్థలు ప్రదర్శనశాలలను తమ చిత్రములకే కట్టివేసికొనగా, 1950ల మధ్యకాలమున ఒకే ప్రదర్శనలో రెండు చిత్రములు చూపు జోడుచిత్రముల పద్ధతి బలపడుటతో బయటివారికి తెర దొరకుటయే అరుదయ్యెను.

అప్పులలో మునిగిన సంఘమునకు అంత్యప్రయత్నమువలె షిందో తీసిన చిత్రము 'హదకా నో షిమా' (నగ్న ద్వీపము, 1960). సెతో సముద్రమున మంచినీరు లేని సుకునే అను చిన్న దీవి, అందొక జంట, ఇద్దరు కొడుకులు, పొరుగు తీరమునుండి పడవపై నీరు తెచ్చి, కావడి భుజమున మోయుచు నిటారైన గట్టునెక్కి, మొక్క మొక్కకు గరిటెతో పోయుట, ఇంతే కథ. ఒకమారు భార్య నీరు ఒలుకబోయగా భర్త ఆమె చెంపపై కొట్టును. ఇద్దరిలో ఎవరును పలుకరు. సంభాషణలు లేవనదగిన ఈ చిత్రమునకు వ్యయము సుమారు 50 లక్షల యెన్లు, పనిచేసినవారు కొద్దిమంది. ఇచట లేమి శిల్పముగా పరిణమించినదని నేను తలంతును: సెట్టింగులకు, బహుతారాగణమునకు ధనము లేనపుడు మిగిలినవి కొండ, నీరు, జంటగా నటించిన ఒతోవా నొబుకో, తోనోయామాల దేహములు మాత్రమే; శ్రమయొక్క భారమును మాటలకంటె ఆ దేహములే స్ఫుటముగా పలికినవి. దానిని ఏ పెద్ద స్టూడియోయు తీసియుండెడిది కాదు. తీసినను తప్పక మాటలు చేర్చియుండెడిది.

1961లో మాస్కో చలనచిత్రోత్సవమున దీనికి ప్రథమ బహుమతి, సోవియట్ దర్శకుడు చుఖ్రాయ్ చిత్రముతో సమముగా, లభించెను. పెక్కు దేశములకు అమ్ముడుపోయి, ఆ చిత్రము సంఘపు ఋణములను తీర్చెను. ఆ ఏటనే స్థాపితమైన ఆర్ట్ థియేటర్ గిల్డ్, కళాచిత్రములకు ప్రత్యేక ప్రదర్శనశాలలను ఏర్పరచి, కొన్నియేండ్లకు నిర్మాణవ్యయమున సగము తానే భరించు పద్ధతిని కూడ చేపట్టెను. తన చిత్రమును నాలుగు దినములకే తెరలనుండి తొలగించిన షోచికును వీడి వచ్చిన దర్శకుడు ఓషిమా నగిసా, 1968లో 'కోషికెయి' (ఉరిశిక్ష) అను చిత్రమును ఆ పద్ధతిలోనే తీసెను.