వడ్లు పంచిన దొరబిడ్డ

కోదాడ, సూర్యాపేట, తుంగతుర్తి పల్లెల్లో ఒకప్పుడు ఏ కులం దొరకు ఏ చాకిరీ చేయాలో కట్టుబాటు ఉండేది. బట్టలుతకాలి, కుండలివ్వాలి, వడ్లు దంచాలి, దొర బండి ముందు పరుగెత్తాలి. కూలి మాటే లేదు. అదే వెట్టి.

వందల ఎకరాల భూస్వాముల ఇంట, కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టింది భీమిరెడ్డి స్వరాజ్యం. గాంధీ పిలుపుతో దేశం హోరెత్తుతున్న రోజులు కావడంతో బంధువులు ఆ పేరు పెట్టించారు. వెట్టి మీద ఆంధ్ర మహాసభ కదిలినప్పుడు ఆమెకు పదేళ్లు దాటాయో లేదో. చిన్నాన్నలు వద్దంటున్నా తమ పొలం కూలీలకు వడ్లు పంచింది. పోరు మొదలైంది సొంతింట్లోనే.

ఊళ్లవాళ్లు 'సంఘం' అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ సభల్లో ఆమె పాటలు పాడింది, ఉపన్యాసాలిచ్చింది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి తెలంగాణ సాయుధ పోరాటంలో పేరుమోసిన దళ నాయకుడు. చెల్లెలూ తుపాకీ పట్టింది. అడవుల్లో కోయల మధ్య 'రాజక్క'గా తిరిగింది. పట్టిస్తే పదివేలిస్తామని సర్కారు ప్రకటించింది. పట్టించినవాళ్లు లేరు.

1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. సహచరుడు మల్లు వెంకటనరసింహారెడ్డిని పెళ్లాడి ఆమె మల్లు స్వరాజ్యం అయింది.

1978లో తుంగతుర్తి ఆమెను శాసనసభకు పంపింది. ఆ ఎన్నికల్లో ఇందిర కాంగ్రెస్ 294 స్థానాల్లో 175 గెలిచింది. ఆమె నిలబడ్డ మార్క్సిస్టు పార్టీకి దక్కినవి ఎనిమిదే. 1983లో ఎన్టీఆర్ గాలికి మహామహులే కొట్టుకుపోయారు, తుంగతుర్తిలో మాత్రం మళ్లీ స్వరాజ్యమే. ఏ గాలి వీచినా నిలబడటానికి కారణం ఊరూరా ఆమెకున్న పాత పరిచయం. ఓట్ల కోసం వచ్చిన కొత్త మనిషి కాదామె. వెట్టి కాలం నుంచీ ఎరిగిన మనిషి.

పదవి పోయాక ఇంట్లో కూర్చోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రగిల్చిన సారా వ్యతిరేక పోరు రాష్ట్రమంతా పాకినప్పుడు, అరవై దాటిన వయసులో మళ్లీ ఊళ్ల బాట పట్టింది. 1993 అక్టోబరు 1న సర్కారు సారాను నిషేధించింది.

2019లో వచ్చిన ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. 2022 మార్చి 19న హైదరాబాదులో ఆమె కన్నుమూసింది. మరునాడు దేహాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు.